నల్లా మూతికి కోరా గుడ్డ

మా మామ పోయారు. పోయిన గురువారం పొద్దున, మునిసిపాలిటీ నీళ్లు వచ్చే వేళకు పోయారు. సిరిసిల్ల దిక్కు చుట్టాలకు ఫోన్లు చేస్తుంటే అందరూ అడిగింది ఒకటే. "ఏమాయె? మంచిగనే ఉండె గద?" మంచిగానే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి ఎంత మంచిగా ఉండగలడో అంత మంచిగా ఉన్నారు. ఎలా పోయారో చివర చెబుతాను. ముందు మనిషి గురించి చెప్పాలి. మేం బతుకుతెరువుకు వలస వచ్చిన ఈ భివండిలో ఆయన బాగుచేసిన మగ్గాలు ఇంకా నడుస్తున్నాయి, ఆయన బిగించిన నల్లాలు ఇంకా పోస్తున్నాయి. ఆయన మాటలు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

మామ అంటే నా భర్త తండ్రి. పవర్‌లూమును మా వాళ్లు సాంచ అంటారు. మామ ఇక్కడి కనేరి పేటలో ముప్పై ఏళ్లు సాంచాల జాబర్‌గా పనిచేశారు. నేసే మనిషి కాదు, నేసే యంత్రం మొరాయిస్తే దాన్ని దారికి తెచ్చే మనిషి. ఆ ముప్పై ఏళ్లలో ఆయన చెవులు రెండూ పోయాయి. ఏ రోజు పోయాయో ఆయనకే తెలియలేదట. ఒకసారి ఊరికి పోయినప్పుడు పొలంలో నిలబడి, ఇక్కడ పిట్టలు లేవేమిటని అడిగారట. చెట్టు నిండా పిట్టలున్నాయట.

నేను తొంభైల చివర కోడలిగా వచ్చాను. వరస గదుల మా చాల్ గోడకు అవతల కార్ఖానా. పగలూ రాత్రీ సాంచాలు కొట్టుకుంటూనే ఉండేవి. గ్లాసులో నీళ్లు పెడితే నీళ్లు వణికేవి. మొదట్లో తల తిరిగింది, నెలకు అలవాటైంది, ఇంకో నెలకు ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టకుండా అయింది. వారానికి ఒకరోజు కరెంటు బంద్. అన్ని సాంచాలూ ఒక్కసారి ఆగిపోయేవి. అప్పుడు చూడాలి ఆ గల్లీ! జనం మాట్లాడుతూ మాట్లాడుతూ నోరు మూసుకునేవాళ్లు. చంటిపిల్లలు నిద్రలోంచి లేచి ఏడ్చేవాళ్లు. మామకు చెవులు లేకపోయినా అరికాళ్లతో తెలిసేది. నేల వణుకు ఆగగానే తల ఎత్తి చుట్టూ చూసేవారు. "చప్పుడు ఉన్నన్ని దినాలు ఫికర్ లేదు బిడ్డా. బందైతెనే భయపడాలె" అనేవారు.

కార్ఖానాలో ఎవరూ అరిచి మాట్లాడరు. అరిచినా వినబడదు. పెదవులు కదిపితే చాలు, ఎదుటివాళ్లు చదువుకుంటారు. మామ కోసం మా ఇంట్లోనూ అదే అలవాటు. గొంతు పెట్టకుండా పెదవులతోనే అన్నీ మాట్లాడుకునేవాళ్లం. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు గడపలోనే నిలబడిపోయింది. లోపల ముగ్గురం కూర్చుని నోళ్లు కదుపుతున్నాం, మధ్యమధ్య నవ్వుతున్నాం, గొంతు మాత్రం లేదు. "ఏందే గిది, దయ్యాల కొంపోలె ఉన్నది" అంది. మామకు తెలియకూడని మాట ఏదైనా ఉంటే మొహం పక్కకు తిప్పి చెప్పుకునేవాళ్లం. మా ఇంట్లో అబద్ధమాడటమంటే మొహం తిప్పుకోవడమే.

చెవులు పోయినా ఆయనకు వినే దారి ఒకటి మిగిలింది. జేబులో ఎప్పుడూ ఒక పొడుగాటి పేచ్‌కస్ ఉండేది. స్క్రూలు తిప్పే పేచ్‌కసే. దాని మొనను సాంచ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కుకుని కళ్లు మూసుకునేవారు. లోపల ఏ పుర్జా అరిగిందో, ఏది వదులైందో చెప్పేసేవారు. "చెవు సచ్చింది గని బొక్క బతికున్నది" అని నవ్వేవారు. ఎముకను మేం బొక్క అంటాం. "ఇరిగిన పుర్జా ఊకోదు బిడ్డా, ఏదో ఒకటి చెప్తనే ఉంటది. ఇనేటోడు ఉండాలె." ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ ఒక్క మాటే తరువాత ఆయనను కాల్చుకుతిన్నది.

చెవిటి జాబర్‌ను చిన్న చిన్న సేట్లు పెట్టుకోవడం మానేశాక మామ నల్లాల పనిలోకి దిగారు. అప్పుడప్పుడే కళ్యాణ్ రోడ్డు పొడుగునా కొత్త బిల్డింగులు లేస్తున్నాయి. ఒకరోజు తళతళలాడే నల్లా ఒకటి ఇంటికి పట్టుకొచ్చారు. దాని మూతికి మర బిగించిన చిన్న మూత, ఆ మూత అడుగున సన్నటి జాలీ. దుకాణంలో ఏరేటర్ అంటారు, పనివాళ్లు ఉత్త జాలీ అంటారు. మా ఖోలీలో, అంటే మా గదిలో, ఒక మూల గట్టు కట్టిన మోరీ ఉండేది. గిన్నెలు కడగడం, స్నానాలు, నీళ్లు పట్టుకోవడం అన్నీ అక్కడే. అక్కడున్న పాత ఇత్తడి నల్లా తీసేసి దీన్ని బిగించారు.

మర్నాడు నీళ్లు రాగానే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ధార తెల్లగా పడుతోంది. చిందడం లేదు, చప్పుడు లేదు. చేయి పెడితే మెత్తగా ఉంది, నీళ్లు ముట్టుకున్నట్టే లేదు. నా మొహం చూసి మామ నవ్వి, ఆ మూత విప్పి అరచేతిలో పెట్టి చూపించారు. లోపల ఒక బిళ్ల, దానికి సన్నటి తూట్లు. దాని కింద రెండు పొరల జాలీ. మూత అంచున చుట్టూ చిన్న చిన్న సందులు.

"జూడు బిడ్డా. నీళ్లు గీ తూట్లల్లకెళ్లి దూరాలె. జాగ తక్కువైతె జోరు పెరుగుతది. గా జోరుకు గీ పక్క సందులల్లకెళ్లి గాలి లోపటికి గుంజుకపోతది. జాలీ కాడ రెండు కలుస్తయ్. నీళ్లు పడుగు, గాలి పేక. రెండు కలిస్తెనే గుడ్డ."

ఇంత బాగా నాకు బళ్లో ఏ మాస్టారూ చెప్పలేదు. గాలి కలిసిన ధార లావుగా కనబడుతుంది గాని అందులో నీళ్లు తక్కువ. మెత్తగా పడుతుంది కాబట్టి గిన్నెకు తగిలి చిందదు, సగం నీళ్లతోనే గిన్నె శుభ్రమవుతుంది. పొద్దున గంటసేపు మాత్రమే నీళ్లొచ్చే ఊళ్లో అది చిన్న సంగతి కాదు. తెలుపు కూడా నీళ్లది కాదు, బుడగలది. చెంబులో పట్టి కాసేపు ఉంచితే అడుగు నుంచి పైకి మెల్లగా తేటపడుతుంది. మొదటి వారం రోజులు నేను పని మానుకుని అదే చూస్తూ కూర్చున్నాను.

మా అత్తకు మాత్రం ఆ నల్లా పడలేదు. "మూడు బిందెలు నిండె టైముల రెండే నిండుతున్నయ్. గాలితోని కడుపు నిండుతదా?" అని పేచీ. ఆమె మాటలోనూ తప్పు లేదు. గిన్నెలు కడగడానికి జాలీ మంచిదే, బిందె నింపడానికి కాదు. బిందెలు పట్టేటప్పుడు మూత విప్పుకోమని మామ చెప్పారు. ఆమె వేళ్లకు ఆ మర తిరిగేది కాదు. పైగా ఆ తెలుపు మీద ఆమెకు అనుమానం. చివరికి సాంచ మీది, ఇంకా చలవ చేయని కోరా గుడ్డ ముక్క ఒకటి తెచ్చి నల్లా మూతికి బిగించి కట్టింది. "గుడ్డ నేసి బతికెటోళ్లం, వడగట్టకుంట తాగుదుమా?" అంది. మా వాళ్లకు దేనికైనా గుడ్డే మందు. దెబ్బకు గుడ్డ, దుమ్ముకు గుడ్డ, నీళ్లకు గుడ్డ. ఆ గుడ్డ మూత అంచు మీది సందులన్నిటినీ కప్పేసింది. గాలి పోయే దారి లేదు. ధార మళ్లీ మామూలుగా, చిందుతూ పడింది. అత్త గెలిచినట్టు నా వైపు చూసింది.

మామ ఆ గుడ్డ విప్పేవారు. ఆమె మళ్లీ కట్టేది. "దాని ముక్కు మూస్తున్నవేందే" అని ఆయన. "నల్లా ముక్కు కనిపిస్తది మీకు. నా ముక్కు మూసుకపోయినప్పుడు ఎవలు జూసిండ్రు?" అని ఆమె. ఆ రెండో మాట ఆమె ఎప్పుడూ మొహం తిప్పుకునే అనేది. నాకు మాత్రమే వినబడేది.

అత్తకు దమ్ము, అంటే ఉబ్బసం. చిన్నప్పటి నుంచి కార్ఖానాలో కండెలు చుట్టి చుట్టి, పత్తి దుమ్ము మింగి మింగి తెచ్చుకున్న దమ్ము. సాంచాలు ఆగిన రాత్రుల్లో స్పష్టంగా వినబడేది: మూడు పొట్టి పొట్టి ఊపిరులు తీసేది, ఆ తరువాత ఒక పొడుగాటి ఈల, ఆ తరువాత ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోట నేను కూడా చెక్క అడ్డు ఇవతల ఊపిరి బిగపట్టేదాన్ని. మళ్లీ మూడు మొదలయ్యేదాకా వదిలేదాన్ని కాదు. ఆమె పక్కనే పడుకున్న మామకు అదేమీ తెలియదు. వీపు కదలడం చూసి దమ్ము అని తెలుసు, అది ఎలాంటి చప్పుడో తెలియదు.

ఆమె పోయిన పొద్దున నేను కిరోసిన్ కోసం ఘాస్‌లెట్ లైనులో నిలబడి ఉన్నాను. మా ఇంటాయన కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ పనిలో ఉన్నాడు. అత్త నల్లా తిప్పిపెట్టి, కింద బిందె పెట్టి, నీళ్ల కోసం మోరీ గట్టు మీద కూర్చుంది. మామ గడపలో గల్లీ వైపు మొహం పెట్టి ఏదో పుర్జా ఆకురాయితో రాస్తున్నారు. ఎంతసేపైందో ఆయనకు తెలియదు. కాళ్లకు చల్లగా తగిలింది. మోరీ నిండి, గది నిండి, నీళ్లు గడప దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే అత్త పక్కకు ఒరిగి ఉంది. బిందె పొంగిపొర్లుతోంది.

శవం దగ్గర పక్క ఖోలీ అవ్వ అనకూడని మాట అనేసింది. "అయ్యో బిడ్డా, సుట్టు నీళ్లే, నోట్లె సుక్క లేకపాయె." పోయేవాళ్ల నోట్లో తులసినీళ్లు పోయకపోతే ఆ దూప, ఆ దాహం, ఎప్పటికీ తీరదంటారు మా వాళ్లు. ఆడవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అవ్వ మొహం తిప్పుకోలేదు. మామ ఆమె ఎదురుగానే ఉన్నారు. ఆయన ఆ మాట చదివేశారని నాకు తెలిసిపోయింది. పుండు మీద కారం చల్లడమంటే అదే. ఆ అవ్వ మీద నా కోపం ఇప్పటికీ చావలేదు.

దినాలు అయిపోయాయి. నల్లాకు గుడ్డ అలాగే ఉంది. రోజూ విప్పే మనిషి ఇప్పుడు దాని జోలికి పోలేదు. ఆ ముడి ఆమె చేతిది. నేనూ ముట్టలేదు.

నెల తిరక్కముందే మొదటిసారి విన్నాను. కరెంటు బంద్ అయిన రోజు, పొద్దున. సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. నల్లా తిప్పిపెట్టి కింద బిందె పెట్టి బియ్యం ఏరుతున్నాను. వెనక నుంచి మూడు పొట్టి ఊపిరులు. ఆ తరువాత ఈల. ఆ తరువాత ఏమీ లేదు.

తల తిప్పి చూశాను. నల్లా మూతికి కట్టిన గుడ్డ లోపలికి పీల్చుకుని జాలీకి అతుక్కుపోయి ఉంది. చూస్తుండగానే ఉబ్బింది. మళ్లీ లోపలికి పోయింది. ముక్కు మీద గుడ్డ కప్పుకుని పడుకున్న మనిషి ఊపిరి తీస్తే ఎట్లా ఉంటుందో అట్లా. నేను చాట వదిలేసి లేచాను, బియ్యం నేలపాలైంది.

అది గాలి అని నాకు తెలుసు. నీళ్లు బంద్ చేశాక లైనులో మిగిలిన నీళ్లు పల్లానికి జారిపోతాయి, తెరిచి ఉన్న నల్లా గాలిని లోపలికి గుంజుకుంటుంది. నీళ్లు వచ్చేటప్పుడు ముందున్న గాలిని బయటికి తోస్తాయి. ఆ గాలి ఇసుక పట్టిన జాలీలోంచి, తడిసిన గుడ్డలోంచి దూరాలి కాబట్టి ఈల. మామ నాకు ఎప్పుడో చెప్పిన సంగతే. తెలిస్తే మాత్రం? మూడు, ఈల, ఆగడం. ఆగిన చోట నేను పాత అలవాటుగా ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. మళ్లీ మూడు మొదలయ్యాయి.

అప్పుడు నాకు ఏడో నెల. అవ్వకు చెబితే, "దూపకే అస్తున్నది బిడ్డా. కడుపుతోని ఉన్నదానివి, గా నీళ్లు తాగకు" అంది. ఆమె మీద కోపమున్నా ఆ మాట మాత్రం బుర్రలో దిగబడింది. ఆ నల్లా నీళ్లు తాగడం మానేశాను. రోజూ గల్లీ చివరి బోరింగు కొట్టి చంకన బిందె పెట్టుకుని తెచ్చుకునేదాన్ని. మా ఇంటాయనతో తెగేసి చెప్పాను. పురిటికి పుట్టింటికి పోతున్న, ఈ ఖోలీకి మళ్ల రాను అని. ఆయన నా వైపు చూసి, మామ వైపు చూసి, మొహం పక్కకు తిప్పి, "బాపుకు ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

చెప్పనక్కర్లేకపోయింది. ఒకరోజు మామ నా చంకలోని బిందె చూశారు. ఇంట్లో నల్లా ఉండగా ఇదేమిటని అడిగారు. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన నా చుట్టూ తిరిగి వచ్చి ఎదురుగా నిలబడ్డారు. మళ్లీ తిప్పుకున్నాను. మళ్లీ వచ్చారు. అంత పెద్దమనిషిని అలా తిప్పించడం సిగ్గనిపించి చెప్పేశాను. "అత్త నల్లాల ఊపిరి తీస్తున్నది మామా."

తిడతారనుకున్నాను. నవ్వుతారని కూడా అనుకున్నాను. ఆయన రెండూ చేయలేదు. మర్నాడు పొద్దున నీళ్లకు ముందే మోరీ గట్టు మీద, ఆమె కూర్చునే చోట కూర్చున్నారు. పేచ్‌కస్ మొనను నల్లాకు ఆనించి, పిడిని చెవి వెనక నొక్కుకుని కళ్లు మూసుకున్నారు. గుడ్డ లోపలికి పోయింది. బయటికి వచ్చింది. చాలాసేపటికి కళ్లు తెరిచి నన్ను అడిగారు.

"గిట్లనే ఉండెనా?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. మొహం తిప్పుకుంటే సరిపోయేది. నేను తల ఊపాను.

"ముప్పై ఏండ్లు పక్కన్నే పండుకున్న" అన్నారు. అంతే. ఆ మాట గొంతుతో అన్నారు. ఆయన గొంతు వినడం నాకు అరుదు. చాలా పెద్దగా, ఎవరిదో గొంతులా వచ్చింది.

ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా అదే. పనికి ఆలస్యమైనా సరే, నీళ్లు వచ్చేదాకా నల్లా దగ్గర కూర్చునేవారు. నాకు నల్లా భయం పోయి మామ భయం పట్టుకుంది. కళ్లు మూసుకుని ఆయన పెదవులు కదిపేవారు. చూడకూడదనుకున్నాను. ఆ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని, పెదవులు చదవడం తప్ప ఇంకేం నేర్చుకున్నాను? గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ చదివాను. ఆయన నల్లాతో అంటున్నారు. "ఆగు. ఇంకొంచెం ఆగు. నీళ్లస్తున్నయ్."

నాకు ఏడుపూ వచ్చింది, భయమూ వేసింది. ఆయన దగ్గరికి పోవాలో పారిపోవాలో తెలియలేదు.

పుట్టింటికి పోవడానికి ఇంక పది రోజులున్నాయనగా ఆ పొద్దు వచ్చింది. సాంచాలు జోరుగా నడుస్తున్నాయి. మామ గట్టు మీద కూర్చుని పిడి చెవికి ఆనించుకుని ఉన్నారు. నీళ్లు వచ్చాయి. రోజూ అయితే తల తీసేవారు. ఆ రోజు తీయలేదు. బిందె నిండింది. పొర్లింది. మోరీ గట్టు దాటి నీళ్లు నేల మీదికి వచ్చాయి. బిందె తప్పిద్దామని అడుగు వేశాను. కాలు జారింది. నడుము నేలకు తగిలేలా కూలబడ్డాను.

కడుపు పట్టుకుని అరిచాను. గొంతు చించుకుని అరిచాను. గోడ అవతల సాంచాలు, ఇవతల చెవిటి మనిషి. ఆయన వీపు నా చేతికి అందనంత దూరంలో, నాలుగడుగుల అవతల ఉంది. పక్కనుంచి చూస్తే పెదవులు కదులుతున్నాయి, కళ్లు మూసే ఉన్నాయి. నీళ్లు నా కిందికి వచ్చి చీర తడిసింది. అత్త కూడా ఇట్లాగే పిలిచి ఉంటుందని అప్పుడు తెలిసింది. అది తెలిసిన క్షణం ఎంత చీకటిగా ఉందో చెప్పడం నాకు చేతకాదు.

చేతికి చెంబు తగిలింది. బలం కొద్దీ విసిరాను. మామ వీపు మధ్యన తగిలింది. కోడలు మామను చెంబుతో కొట్టిన ఇల్లు ఈ భివండిలో మాదొక్కటే అయి ఉంటుంది.

ఆయన తిరిగారు. ముందు నీళ్లు చూశారు, తరువాత నేల మీద నన్ను చూశారు. ఆ మొహం నేను మళ్లీ చూడలేను. పేచ్‌కస్ ఎక్కడ పడిందో, నన్ను ఎలా లేపారో, అవ్వను ఎలా పిలిచారో నాకు సరిగ్గా గుర్తు లేదు. దవాఖానలో డాక్టరమ్మ కడుపు మీద చేయి పెట్టి, ఏమీ కాలేదు, లోపల బిడ్డ మంచిగానే ఉందని చెప్పేదాకా ఆయన బయట గోడకు ఆనుకుని నిలబడే ఉన్నారట. ఎవరు చెప్పినా కూర్చోలేదట.

ఇంటికి రాగానే ఆయన నల్లా దగ్గరికి పోయారు. ముడి తడిసి బిగుసుకుపోయింది, వేళ్లకు రాలేదు. కత్తిరించవచ్చు. కత్తిరించలేదు. నోటితో పట్టి పళ్లతో మెల్లగా వదులు చేసి విప్పారు. గుడ్డను పిండి, మడిచి, పక్కన పెట్టారు. జాలీ మూత విప్పి చింతపండు నీళ్లలో వేశారు. కాసేపటికి గిన్నె అడుగున ఇసుక, సున్నపు పొట్టు, కోరా గుడ్డ పోగు ఒకటి చేరాయి. జాలీని పాత బ్రష్షుతో రుద్ది, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ బిగించారు.

మరునాడు నీళ్లు రాకముందు గాలి వచ్చింది. ఒక్కసారి బుస్సుమని పోయింది. ఈల లేదు, మూడు లేవు. తరువాత తెల్లటి ధార చప్పుడు లేకుండా పడింది. ఆయన చెంబు నింపి నా ముందు పెట్టారు. నీళ్లు తెల్లగా ఉన్నాయి. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. అడుగు నుంచి తేటపడుతూ పైకి వచ్చింది. చివరి బుడగలు పైన పగిలిపోయాయి. "గాలి వోయింది. తాగు బిడ్డా" అన్నారు. తాగాను. ఆయన నల్లా వైపు చూడలేదు. నేను గుటక వేస్తున్నానా లేదా అని నా గొంతు వైపే చూశారు.

బిడ్డ పుట్టాక ఆ ఖోలీకే తిరిగి వచ్చాను. తరువాతి ఏళ్లలో మామ చాలా ఇళ్లకు నల్లాలు బిగించారు. ఊరి బయట పూర్ణలో లేచిన గోదాముల క్యాంటీన్లకు కూడా ఆయనే బిగించారు. ఎక్కడ బిగించినా ఇంటి ఆడవాళ్లను పిలిచి జాలీ విప్పడం, కడగడం చేతులు పట్టి నేర్పేవారు. గుడ్డ మాత్రం కట్టనిచ్చేవారు కాదు. మోరీలో నల్లా తిప్పిపెట్టి ఇంటి మనిషి దానికి వీపు పెట్టి కూర్చోకూడదని కూడా చెప్పేవారట. జనం అదేదో నల్లాల శాస్త్రమనుకున్నారు. ఇంట్లో ఆయన ఎప్పుడూ గల్లీ వైపు మొహం పెట్టి కూర్చోలేదు. ఎవరు వచ్చినా పోయినా, పిల్ల ఆడినా ఏడ్చినా, మొహం మా వైపే ఉండేది. నా పెదవులు కదిలితే చాలు, ముద్ద ఆపి చూసేవారు. కన్నతండ్రి కూడా నన్ను అంత కనిపెట్టుకుని ఉండలేదు. ఈ మాట ఆయన బతికుండగా చెప్పి ఉండవలసింది.

పోయిన గురువారం సంగతి. రెండు రోజులుగా జ్వరం. బుధవారం నుంచి ఏమీ పుచ్చుకోలేదు. పొద్దున నీళ్లు వచ్చే వేళకు ఊపిరి మారింది. మా ఇంటాయన డాక్టరు కోసం పరుగెత్తాడు. నేను చెంబుతో నీళ్లు పట్టుకుని, తులసాకు వేసుకుని, మామ తల ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన కళ్లు నా పెదవుల మీదే ఉన్నాయి. "నీళ్లు తాగుండ్రి మామా" అన్నాను, గొంతు లేకుండా. పెదవులు కొంచెం తెరిచారు. చెంచాతో పోశాను. సగం లోపలికి పోయింది, సగం పక్కకు జారింది. గొంతు ఒక్కసారి కదిలింది. అది గుటకో, గాలో నాకు తెలియదు. గుటకే అయి ఉంటుందని అందరూ అన్నారు. ఇంకో చెంచా పోయబోయి ఆగాను.

ఆయన నోటి మూలలో ఒక నీటిబొట్టు నిలిచింది. ఊపిరికి వణుకుతోంది. నేను చెంచా అలాగే పట్టుకుని, ఆ బొట్టు వణకడం మానేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.